గడువు ఉన్న పుస్తకం

బుజ్జీ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి పదకొండు పుస్తకాలు కొన్నావు, ఒక్కటీ పూర్తికాలేదు, చదవడం మరిచిపోయావేమోనని టెన్షన్. మరిచిపోలేదులే. కొన్న పుస్తకం ఎక్కడికీ పోదని నీకు తెలుసు, అందుకే అది రేపటికి వాయిదా పడుతుంది. నా బీరువాలో ముప్పై ఏళ్లుగా రేపటికి వాయిదా పడుతున్నవి ఉన్నాయి. నేను నిజంగా చదివినవి చాలావరకు ఎరువు తెచ్చినవే. ఎరువు సొమ్ము బరువు చేటంటారు గానీ, పుస్తకాల విషయంలో ఆ బరువే మనచేత చదివిస్తుంది.

అందుకని మూడు నెలలు కొనడం ఆపు. మన విశాఖ ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగి నడిచి వెళ్లొచ్చు. నువ్వుండే చోటికి జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖ దగ్గరైతే అక్కడే చేరు. ఆ శాఖలు నడిచేది మన డబ్బుతోనే. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది. మీ ఓనరు దాన్ని నీ అద్దెలోంచే లాగి ఉంటాడు, అంటే నువ్వు ఎప్పుడో కట్టేశావు. శుక్రవారం మాత్రం వెళ్లకు, ప్రభుత్వ గ్రంథాలయాలకు సాధారణంగా ఆ రోజే సెలవు. నేను ఎన్ని శుక్రవారాలు మూసిన గేటు చూసి వెనక్కి వచ్చానో అడక్కు.

మొదటిరోజే కార్డు చేతికి రాగానే లావుపాటి నవల తెచ్చుకోకు. నూట యాభై పేజీల లోపుది చాలు. కావలసిన పుస్తకం దొరికాక అక్కడే ఇంకో ఐదు నిమిషాలు నిలబడి దాని ఇరుగుపొరుగుల్ని చూడు. విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలు వేసే డ్యూయీ పద్ధతిలో సర్దిన చోట తెలుగు సాహిత్యమంతా 894.827 దగ్గర, యాత్రలు 910లలో ఉంటాయి. పేరు తెలిసి వెతికిన పుస్తకాల కంటే ఆ పక్కన దొరికినవే నాకు ఎక్కువ గుర్తున్నాయి. చివరి పేజీలో అంటించిన తేదీల చీటీ కూడా చూడు. ఆఖరి ముద్ర ఇరవయ్యేళ్ల కిందటిదైతే ఆ పుస్తకాన్ని ఒక్కసారి ఇంటికి తీసుకురా. బాగుండకపోతే తిరిగి ఇచ్చేయొచ్చు, పెళ్లేం కాదు కదా.

తెచ్చినదాన్ని కిటికీ పక్కన పెట్టకు. మన ఊరి ఉప్పుగాలికి ఇనుమే ఆగదు, కాగితమెంత. వానాకాలంలో బూజు పడుతుంది. అరలో కలరా ఉండలో ఎండు వేపాకో వేస్తే పురుగు రాదు గానీ, గాలి ఆడనివ్వకపోతే బూజు ఆగదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి కింది అరంతా తడిసిపోయింది. కరెంటు లేదు, ఫ్యాను లేదు. తెరిపివ్వగానే డాబా మీద ఎండలో పరిచాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని. అట్టలు వంకర్లు తిరిగాయి, కాగితాలు అప్పడాలయ్యాయి. మిగతావాటిని నీడలో నిలబెట్టి, పేజీల మధ్య పాత పేపరు ముక్కలు పెట్టి, అవి తడిసినప్పుడల్లా మార్చాను. అవి బతికాయి. నున్నటి కాగితం మీద అచ్చేసిన బొమ్మల పుస్తకాలు మాత్రం ఇటుకల్లా అతుక్కుపోయాయి. వాటిలో ఒకటి గ్రంథాలయానిది. పట్టుకెళ్లి నిజం చెప్పి, ఇంకో ప్రతి కొనిచ్చాను. నీకూ ఎప్పుడైనా అలా జరిగితే మొహం చాటేయకు. భయపడి వెళ్లడం మానేసి, ఆ తర్వాత చదవడమే మానేసిన వాళ్లు నాకు తెలుసు.

ప్రయాణాల్లో చదవొచ్చా అన్నావు. ఏ ప్రయాణం అన్నదాన్ని బట్టి. భీమిలి వెళ్లే 900కె బస్సులో సముద్రం వైపు సీటు దొరికితే పుస్తకం బ్యాగులోనే ఉండనీ. అరకు రైల్లో అయితే అసలు తీయకు. కొత్తవలస, కిరండూల్ మధ్య ఆ లైన్లో 58 సొరంగాలు. పేరా మధ్యలో చీకటి పడుతుంది, వెలుగొచ్చేసరికి కిటికీలోంచి లోయ కనిపిస్తుంది, వాక్యం ఎక్కడ వదిలావో మరిచిపోతావు. నా లెక్కలో చదువుకి పనికొచ్చేది ఆఫీసు బస్సే. రోజూ చూసే దారిలో కొత్తగా చూడాల్సిందేమీ ఉండదు.

కుదిరినప్పుడు శ్రీకాకుళం వెళ్లు. కథలు రాసిన కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, ఎన్నో ఏళ్లు మన విశాఖలో హైస్కూలు పిల్లలకు పాఠాలు చెప్పారు. తరవాత 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. అచ్చంగా తెలుగు కథ కోసమే ఒక గ్రంథాలయం. రైల్లో వెళ్తే శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగాలి, అది ఉన్నది ఆమదాలవలసలో, అక్కణ్ణుంచి బస్సో ఆటోనో పట్టుకోవాలి. ముందుగా ఫోన్ చేసి, తీసి ఉంటుందో లేదో కనుక్కో. నువ్వు పుట్టిన ఏడాది పత్రికలుంటే అడిగి చూడు, అప్పుడు ఏం రాస్తుండేవారో తెలుస్తుంది.

ఫోన్ గురించి నేనేమీ చెప్పను. నేనూ రాత్రి పదకొండు దాకా రీల్స్ చూస్తున్నాను.

ఆదివారం ఇంటికి రా, చేపల పులుసు పెడతాను. నా దగ్గరున్న పుస్తకం గడువు మంగళవారంతో అయిపోతుంది, మోకాలు నొప్పితో నేను వెళ్లలేను. మీ ఆఫీసుకి అటువైపే కదా, నువ్వు పట్టుకెళ్లి ఇచ్చెయ్. నూట పది పేజీలే.

మీ పెద్దమ్మ