లైను ఒకటే, లాస్ ఫ్యాక్టర్లు మూడు

విద్యుత్ గ్రిడ్ మీద ఈసారి వచ్చిన ప్రశ్నల్లో లాసుల లెక్కకు సంబంధించినవే ఎక్కువ. మొదటి జవాబులో వేసిన లెక్కనే తర్వాతి జవాబుల్లోనూ వాడాం కాబట్టి వరసగా చదవండి.

ప్రశ్న: ఆస్ట్రేలియాలో ఒక సోలార్ సంస్థలో ఈమధ్యే చేరాను. ఇక్కడ ప్రతి ప్లాంటుకూ 0.91, 0.97, 1.02 అంటూ ఒక నంబరు ఉంటుంది. మార్కెట్ ధరను దాంతో గుణించి డబ్బు కడతారు. మా లైన్లో నష్టం 5 శాతం కూడా ఉండదు, మరి మాకు 0.91 ఎలా వచ్చింది? కొందరికి 1 దాటడం ఏమిటి, లైను కరెంటు పుట్టిస్తుందా? (మెల్‌బోర్న్ నుంచి ఒక ఇంజనీరు)

జవాబు: లైను ఏమీ పుట్టించదు. మీరు చూస్తున్నది సగటు, అంటే మొత్తం నష్టాన్ని మొత్తం పంపిన కరెంటుతో భాగిస్తే వచ్చేది. మార్కెట్ వాళ్లు చూస్తున్నది చివరగా ఎక్కిన ఒక్క మెగావాటు వల్ల ఎంత నష్టం పెరిగిందన్నది.

ఒక లైను తీసుకుందాం. 132 కేవీ, ప్యాంథర్ అనే రకం కండక్టర్ (తీగ), 60 కిలోమీటర్లు. ఎండకూ లోడుకూ వేడెక్కిన వేళ ఒక్కో ఫేజుకు రెసిస్టెన్సు 10 ఓంలు అనుకోండి. ఒక చివర ప్లాంటు 80 మెగావాట్లు పంపుతోంది, పవర్ ఫ్యాక్టర్ 1 (పని చేయకుండా అటూ ఇటూ ఊగే రియాక్టివ్ కరెంటు లేదన్నమాట). ఫేజుకు 350 ఆంపియర్లు పారతాయి. మూడు ఫేజులకూ కలిపి 3 × 350 × 350 × 10 వేస్తే సుమారు 3.67 మెగావాట్లు వేడిగా పోతున్నట్టు లెక్క. 80లో అది 4.6 శాతం. మీరన్న '5 శాతం లోపు' ఇదే.

ఇప్పుడు 81 పంపండి. నష్టం 3.673 నుంచి 3.765 మెగావాట్లకు చేరుతుంది. అదనంగా ఎక్కించిన ఒక్క మెగావాటులో 0.092, అంటే 9.2 శాతం, దారిలోనే ఆవిరైంది. అవతలికి చేరింది 0.908. మీ 0.91 అదే. నష్టం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఇలాంటి ఒంటి లైను మీద చివరి మెగావాటు లాసు సగటుకు రెట్టింపు వస్తుంది. కిక్కిరిసిన బస్సులోకి చివరగా ఎక్కినవాడు తనొక్కడే ఇరుక్కోడు, లోపలున్న అందర్నీ ఇంకాస్త నొక్కుతాడు. ఆ నొక్కుడంతా అతని లెక్కలోనే రాస్తారన్నమాట. దీన్నే మార్జినల్ లాస్ ఫ్యాక్టర్ అంటారు.

అవతలి చివర అంటే ఎక్కడన్నది కూడా ముఖ్యమే. ఆస్ట్రేలియా జాతీయ మార్కెట్‌లో ఒక్కో ప్రాంతానికి ఒక రిఫరెన్స్ నోడ్, అంటే ఆ ప్రాంతం ధరను లెక్కగట్టే చోటు, ఉంది. విక్టోరియాకు థామస్‌టౌన్, న్యూ సౌత్ వేల్స్‌కు సిడ్నీ వెస్ట్, క్వీన్స్‌లాండ్‌కు సౌత్ పైన్. ఆ నోడ్ నుంచి దూరంగా ఉన్న ఒక ఊరికి కరెంటు లైను మీదుగా వెళుతోందనుకోండి. అదే ఊళ్లో మీ ప్లాంటు ఉంటే మీరిచ్చే ప్రతి మెగావాటుకూ ఆ లైను మీద బరువు తగ్గుతుంది, దాంతో లాసూ తగ్గుతుంది. నోడ్ దగ్గర ఒక మెగావాటుకన్నా ఎక్కువే ఆదా అవుతుంది కాబట్టి గుణకం 1 దాటుతుంది.

అందరి దగ్గరా రెట్టింపు పట్టుకుంటే మిగిలే డబ్బు ఎవరిదని తర్వాత అడుగుతారు కాబట్టి అదీ చెప్పేస్తున్నాం. ఆ మిగులు ట్రాన్స్‌మిషన్ సంస్థలకు వెళ్లి, వాడకందార్ల నెట్‌వర్క్ చార్జీల్లోంచి తగ్గుతుంది.

ప్రశ్న: మా ప్లాంటులో ఒక్క బోల్టు మారలేదు. గుణకం మాత్రం ఏటా దిగుతోంది. తప్పు ఎక్కడ వెతకాలి? (సిడ్నీ)

జవాబు: మీ ప్లాంటులో వెతక్కండి, లైను మీద ఇంకా ఎవరెవరు చేరారో చూడండి. పై లైను మీదే మొదట 40 మెగావాట్ల ప్లాంటు ఒక్కటే ఉన్నప్పుడు మార్జినల్ లాసు 4.6 శాతం, గుణకం 0.954. పక్కన ఇంకో 40 వచ్చి కలిసిన రోజున ఇద్దరికీ 0.908. పాతవాడు, కొత్తవాడు అన్న తేడా లెక్కకు తెలియదు.

సోలార్‌కు ఇంకో దెబ్బ ఉంది. అక్కడి మార్కెట్ ఆపరేటర్ ఏమో రాబోయే సంవత్సరానికి అరగంట చొప్పున, అంటే 17,520 అరగంటలకు లాసు లెక్కగట్టి, ఆ అరగంటల్లో మీరిచ్చే యూనిట్లతో తూచి ఒకే నంబరు తీస్తుంది. ఏప్రిల్ 1 లోపు ప్రకటిస్తుంది, జూలై 1 నుంచి ఏడాదంతా అదే. మూడు అరగంటలతో చూద్దాం. ఉదయం 20 మెగావాట్లు 0.97 దగ్గర, మధ్యాహ్నం 60 మెగావాట్లు 0.90 దగ్గర, సాయంత్రం 10 మెగావాట్లు 1.00 దగ్గర ఇచ్చారు. మామూలు సగటు 0.957. యూనిట్లతో తూచితే (19.4 + 54 + 10) ÷ 90 = 0.927. లైను బాగా నిండిన వేళే మీరూ ఎక్కువ ఇస్తున్నారు, అందుకే రూపాయికి ఆ మూడు పైసలు పోయాయి. అదే లైను మీద రాత్రిపూట తిరిగే గాలిమరకు నంబరు మెరుగ్గా రావడంలో వింతేమీ లేదు. మధ్యాహ్నం నింపుకుని సాయంత్రం వదిలే బ్యాటరీ పెట్టుకుంటే ఈ తూకం మీవైపు మొగ్గుతుంది.

న్యూ సౌత్ వేల్స్ పశ్చిమాన, విక్టోరియా వాయువ్యాన ఎండ బాగుందని, భూమి చవకని అందరూ ఒకేచోట చేరారు. పాత సన్నటి లైన్ల మీద గుణకాలు ఒక్కసారిగా పడిపోయాయి. మార్జినల్ వద్దు, సగటు పెట్టండని అదానీ రెన్యూవబుల్స్ అడిగింది. మార్కెట్ నియమాలు రాసే కమిషన్ 2020 ఫిబ్రవరిలో ఒప్పుకోలేదు. మా అభిప్రాయంలో ఆ నిర్ణయం సరైనదే. సగటు పెడితే తర్వాతి ప్లాంటు కూడా అదే కిక్కిరిసిన లైను మీదకే వచ్చి కూర్చుంటుంది. కాకపోతే ముందుగా వచ్చినవాడి మీద పడే దెబ్బకు ఈ పద్ధతిలో మందు లేదన్నదీ నిజం.

ప్రశ్న: ప్రాజెక్టులో భాగంగా 30 బస్‌ల (లైన్లు, జనరేటర్లు, లోడ్లు కలిసే చోట్ల) సిస్టమ్‌కు మార్జినల్ లాస్ ఫ్యాక్టర్లు తీస్తున్నాం. ప్రతి బస్ దగ్గరా జనరేషన్ కొంచెం పెంచి లోడ్ ఫ్లో (ఏ లైన్లో ఎంత పారుతుందో తీసే లెక్క) రన్ చేస్తున్నాం. వచ్చే నంబర్లు ఒకసారి 0.95, ఇంకోసారి 1.1, ఒకసారి నెగెటివ్ కూడా. (కాకినాడ, ఇంజనీరింగ్ విద్యార్థులు)

జవాబు: ముందు టాలరెన్స్, అంటే ఎంత తేడా (మిస్‌మ్యాచ్) మిగిలితే లెక్క ఆపాలన్న గీత, చూడండి. చాలా ప్రోగ్రాముల్లో మిస్‌మ్యాచ్ 0.1 మెగావాటు దగ్గర ఆగిపోయేలా ఉంటుంది. మీరు పెంచేది 1 మెగావాటు, వెతికేది అందులో వచ్చే 0.05, 0.09 తేడా. ఆపే గీత దానికన్నా పెద్దదైతే వచ్చేది లాసు కాదు, లెక్క మిగిల్చిన చెత్త. 0.0001 మెగావాటు వరకూ బిగించండి. 1 పెంచి ఒకసారి, 1 తగ్గించి ఒకసారి రన్ చేసి తేడాను 2తో భాగిస్తే ఇంకా నిలకడగా వస్తుంది.

రెండోది, రిఫరెన్స్ నోడ్‌నే స్లాక్ బస్‌గా (ఎక్కువతక్కువలు సర్దుకునే బస్‌గా) పెట్టండి. మీ బస్ దగ్గర 1 మెగావాటు పెంచినప్పుడు స్లాక్ ఎంత తగ్గిందో అదే గుణకం. 0.908 తగ్గితే 0.908. స్లాక్‌ను వేరేచోటికి మారిస్తే నంబర్లన్నీ మారతాయి, కంగారు పడకండి. కానీ ఏ రెండు బస్‌ల గుణకాల నిష్పత్తి అయినా మారకూడదు. మారిందంటే ఎక్కడో పొరపాటు ఉంది. సరిచూసుకోడానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

నంబరు ఎగిరిపడడానికి ఇంకో కారణం ట్యాపులు, అంటే ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని సర్దే మెట్లు. బేస్ కేసుకూ పెంచిన కేసుకూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఒక్క ట్యాపు కదిలినా, కెపాసిటర్ బ్యాంకు ఒకటి ఆన్ అయినా వోల్టేజీతో పాటు మొత్తం లాసు కూడా మారిపోతుంది. ఆ మార్పంతా పాపం మీ 1 మెగావాటు ఖాతాలో పడుతుంది. బేస్ కేసు తేలాక ట్యాపులు, షంటులు (కెపాసిటర్ బ్యాంకుల్లాంటివి) లాక్ చేసేయండి. జనరేటర్ రియాక్టివ్ లిమిట్‌కు తగిలి పీవీ బస్ (వోల్టేజీ కదలకుండా పట్టి ఉంచేది) కాస్తా పీక్యూ బస్ (వోల్టేజీ కదిలేది) అయిపోయినా ఇదే తంతు.

డేటా కూడా తిరగేయండి. షార్ట్ సర్క్యూట్ స్టడీ కోసం చేసిన మోడల్ తెచ్చుకుంటే అందులో ట్రాన్స్‌ఫార్మర్ రెసిస్టెన్సు తరచూ సున్నా ఉంటుంది. ఆ స్టడీకి రియాక్టెన్సు చాలు, మీకు చాలదు. కండక్టర్ రెసిస్టెన్సు కేటలాగులో 20 డిగ్రీల దగ్గర ఇస్తారు. 75 డిగ్రీలకు చేరితే సుమారు 22 శాతం పెరుగుతుంది. మన 60 కిలోమీటర్ల ప్యాంథర్ కేటలాగు ప్రకారం 8 ఓంల పైచిలుకే, వేడి మీద 10.

30 బస్‌లకు ఒక్కొక్కటిగా పెంచి చూడడం పర్వాలేదు. వేల బస్‌లు, వేల అరగంటలు ఉన్నచోట అలా కుదరదు. లోడ్ ఫ్లో తేలాక చివరి జాకోబియన్‌ను (లోడ్ ఫ్లో వాడే మ్యాట్రిక్సును) ట్రాన్స్‌పోజ్ చేసి ఒక్కసారి సాల్వ్ చేస్తే అన్ని బస్‌ల గుణకాలూ ఒకేసారి వస్తాయి. రెండు విధాలుగానూ చేసి పోల్చి రిపోర్టులో పెట్టండి, వైవాలో అడిగేది అదే.

ప్రశ్న: కెనడాలోని అల్బర్టాలో లాసుల లెక్క తిరగదోడి పదేళ్లకు పైబడ్డ పాత బిల్లులు మళ్లీ వేశారని విన్నాను. ఎందుకలా? (కాల్గరీ)

జవాబు: మిల్నర్ పవర్ అనే సంస్థ 2005లో అప్పటి సూత్రం తప్పని ఫిర్యాదు చేసింది. వాదనలు ఏళ్ల తరబడి సాగాయి. చివరికి ఆ సూత్రం చెల్లదని రెగ్యులేటర్ తేల్చింది. 2006 నుంచి 2016 వరకూ అన్నీ కొత్తగా లెక్కగట్టాల్సి వచ్చింది. చేతులు మారిన ప్లాంట్లు, మూతపడ్డ ప్లాంట్లు కూడా ఉంటాయి, ఎవరి నుంచి వసూలు చేయాలన్నదే ఒక తలనొప్పి.

అక్కడ అప్పుడు తెచ్చిన కొత్త పద్ధతి మార్జినల్ కాదు, 'ఉంటే–లేకుంటే' పద్ధతి. ప్లాంటు ఉన్నప్పుడు గ్రిడ్ లాసు ఎంత, దాన్ని పూర్తిగా తీసేస్తే ఎంత? ఆ తేడాను ప్లాంటు ఉత్పత్తితో భాగిస్తారు. మన లైను మీద చూడండి. 40 + 40 ఉన్నప్పుడు లాసు 3.67. ఒకటి తీసేస్తే 0.92. తేడా 2.75, దాన్ని 40తో భాగిస్తే 6.9 శాతం. ఇద్దరి దగ్గరా అలా పట్టుకుంటే 5.5 మెగావాట్లవుతుంది, నిజంగా పోయింది 3.67. అల్బర్టాలో అసలు నష్టం మేరకే వసూలు చేయాలి కాబట్టి ఎక్కువైనదాన్ని అందరికీ సమానంగా తగ్గిస్తారు. ఇద్దరూ ఒకేలాంటి వాళ్లయిన మన ఉదాహరణలో తగ్గించాక తేలేది మళ్లీ 4.6.

లైను ఒకటే, పోయిన కరెంటు ఒకటే. సగటున 4.6, ఉంటే–లేకుంటే పద్ధతిలో 6.9, మార్జినల్‌లో 9.2. మూడు లెక్కలూ తప్పు కావు, మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. తగాదాలు వచ్చేది లెక్కలో కన్నా ఏ ప్రశ్న అడగాలన్న దగ్గరే.

ప్రశ్న: మా దగ్గరి ఎన్పీకుంట సోలార్ పార్కు లాంటివాటికి కూడా ఇలాంటి గుణకం ఉందా? (కదిరి)

జవాబు: లేదు. అంతర్రాష్ట్ర గ్రిడ్‌కు కలిసిన ప్లాంటు ఇచ్చే షెడ్యూలులో (ఏ వేళకు ఎంత ఇస్తామన్న పట్టికలో) ట్రాన్స్‌మిషన్ లాసు కోయరు. 2011 జూలై నుంచి మన దగ్గర పాయింట్ ఆఫ్ కనెక్షన్ పద్ధతి నడిచింది. అప్పుడు చోటును బట్టి లాసు శాతం మారేది. 2020 నవంబరు 1 నుంచి అది పోయింది. ఇప్పుడు జాతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రం సోమవారం నుంచి ఆదివారం దాకా వారానికొకసారి దేశం మొత్తానికీ ఒకే శాతం తీస్తుంది. గ్రిడ్‌లోకి వచ్చిన యూనిట్లలోంచి బయటికి తీసుకున్నవి తీసేసి, వచ్చిన యూనిట్లతో భాగిస్తారు. అది కొనేవాళ్ల షెడ్యూలు మీద పడుతుంది. అంటే అంతర్రాష్ట్ర గ్రిడ్ మీదుగా రాజస్థాన్ నుంచి అస్సాం తెచ్చుకున్నా, పక్క జిల్లా నుంచి తెచ్చుకున్నా కోత ఒకటే. లెక్క తేలిక, గొడవలు తక్కువ. ప్లాంటు ఎక్కడ పెడితే గ్రిడ్‌కు మేలో చెప్పే గుణం మాత్రం ఈ నంబరుకు లేదు.

ఒక్క జాగ్రత్త: మీ ప్లాంటు నుంచి పూలింగ్ సబ్‌స్టేషన్ (చాలా ప్లాంట్ల కరెంటు ఒకచోట కలిసే సబ్‌స్టేషన్) దాకా మీ సొంత లైన్లో పోయేది మీదే. బిల్లు మీటరు అవతలి చివర ఉంటుంది.

ప్రశ్న: కెపాసిటర్లు పెడితే లాస్ ఫ్యాక్టర్ పెరుగుతుందా? (నల్గొండ)

జవాబు: కొంత. మన 80 మెగావాట్లనే 0.95 పవర్ ఫ్యాక్టర్‌తో పంపితే కరెంటు 5 శాతం పైగా పెరిగి లాసు 3.67 నుంచి 4.07కి పోతుంది. రియాక్టివ్‌ను అక్కడికక్కడే సర్దితే ఆ 0.4 మెగావాటు మిగులుతుంది. లైను మీద 80 మెగావాట్లు ఉన్నంతకాలం మిగతా 3.67ను ఏ కెపాసిటరూ ముట్టుకోలేదు.

ప్రశ్న: ఓపెన్ యాక్సెస్‌లో (డిస్కం నుంచి కాకుండా నేరుగా ఉత్పత్తిదార్ల దగ్గరో మార్కెట్లోనో) కరెంటు కొంటున్నాం. అంతర్రాష్ట్ర లాసు 3.5, రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ 2.5, 33 కేవీ 3.5 శాతం. మొత్తం 9.5 కదా అని 109.5 యూనిట్లు బుక్ చేస్తున్నాం. ప్రతిరోజూ లోటు వస్తోంది. (విశాఖపట్నం, ఒక ఫ్యాక్టరీ మేనేజరు)

జవాబు: లాసులు కూడకూడదు, ఒకదాని తర్వాత ఒకటి కోసుకుంటూ పోవాలి. 0.965 × 0.975 × 0.965 = 0.9079. మీ గేటు దగ్గర 100 కావాలంటే 100 ÷ 0.9079, అంటే 110.14 బుక్ చేయాలి. చూడ్డానికి 0.64 యూనిటే. రోజంతా 10 మెగావాట్లు తీసుకుంటే 2,40,000 యూనిట్ల మీద అది రోజుకు 1,500 పైమాటే. గేటు దగ్గర తగ్గే సుమారు 1,390 యూనిట్లు డిస్కం నుంచి వాడుకున్నట్టు బిల్లులో కలుస్తాయి. అంతర్రాష్ట్ర శాతం వారం వారం మారుతుంది కాబట్టి పోయిన నెల నంబరు షీటులో అలాగే వదిలేయకండి, ప్రతి సోమవారం షెడ్యూలు పంపే ముందు ఆ ఒక్క గడి మార్చుకోండి.