మేనకోడలికి, హాలోవీన్ బొమ్మల సంగతి

చి.ల.సౌ. అమ్మడికి, మేనత్త ఆశీర్వదించి రాయునది.

అక్టోబరు చివరి శనివారం మీ గ్యారేజీలో పిల్లలందరినీ కూర్చోబెట్టి నీటిరంగులతో హాలోవీన్ బొమ్మలు, అదే ఆ దెయ్యాల పండగ బొమ్మలు, వేయిస్తున్నావని మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. పద్నాలుగు మందట! వాడు గొప్పగా చెబుతున్నాడు, నాకేమో వింటూనే గుండె దడ. పద్నాలుగు మందంటే పద్నాలుగు నీళ్ళ మగ్గులు, ఆ లెక్క చూసుకున్నావా? ఇన్నేళ్ళు డ్రాయింగు చెప్పినదాన్ని, పన్నెండు మందికి మించి ఒకేసారి కుంచెలు చేతికిచ్చి ఎరగను. అలాగని మానెయ్యమనట్లేదు. పొద్దున్నే పక్కింటావిడకి చెప్పేశాను కూడా, మా మేనకోడలు అమెరికాలో బొమ్మలు నేర్పుతోందని.

సామాన్ల సంగతి నీకు తెలిసిందే, ఒక ముక్కలో చెబుతాను. పల్చటి కాగితం వద్దు, తడి తగలగానే అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. 300 జీఎస్ఎం మందపాటి కాగితం తీసుకో, మీ దగ్గర ప్యాడ్ మీద 140 పౌండ్లని రాసి ఉంటుంది. నాలుగు అంచులూ మాస్కింగ్ టేపుతో అట్టకి అంటించు. టీ తాగే కప్పులూ గ్లాసులూ రంగుల బల్ల దరిదాపుల్లోకి రానివ్వకు. మా వరండాలో ఒకాయన మాటల్లో పడి కుంచెలు కడిగిన గ్లాసు ఎత్తి సగం తాగేశాడు. ఆయనకేం కాలేదు గానీ, ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. కుంచె మొన నోట్లో పెట్టి సన్నగా చేసుకునే అలవాటు నీకే ఉండేది, తొమ్మిదేళ్ళప్పుడు నీ నాలిక ఎప్పుడు చూసినా నీలంగానే ఉండేది. నీ కొడుక్కి అది రాకుండా చూసుకో.

స్ట్రాతో నల్లరంగు ఊది ఎండుచెట్టు కొమ్మలు వేయించడం బాగుంటుంది. కానీ అయిదేళ్ళ వాళ్ళకి ఊదడం, పీల్చడం ఒకటే. చిన్నవాళ్ళకి స్ట్రా ఇవ్వకు, కొమ్మలు కుంచెతోనే వేసుకుంటారు.

ఇక రంగులు. ముందు చందమామ చుట్టూ లేత పసుపు, నారింజ. అది పూర్తిగా ఆరాకే ఊదా, ముదురు నీలం. తడి నారింజ మీదికి నీలం పాకిందా, బురద గుంటే. ఆరేవరకు పిల్లలు ఆగరు కాబట్టి ఆ పదిహేను నిమిషాలు ఏదైనా తినిపించు. హెయిర్ డ్రయ్యర్ తెస్తావేమో, నీళ్ళ మగ్గుల మధ్య ఆ కరెంటు వైరేంటమ్మా, వద్దు. ఆకాశం మీద మెరుపు తగ్గుతూ ఇంకా తడి ఉండగానే చిటికెడు ఉప్పు చల్లించు. ఉప్పు కల్లు పడ్డ చోటల్లా రంగు విడిపోయి చుక్కలు పూసినట్టు వస్తుంది. బాగా ఆరాక చేత్తో దులిపేస్తే చాలు. నల్లరంగు మాత్రం నీ కొంగులోనో, జేబులోనో దాచుకో. మొదటే బల్ల మీద పెట్టావో, పది నిమిషాల్లో పద్నాలుగు కాగితాలూ బొగ్గుల బస్తాలవుతాయి.

తెల్ల క్రేయానుతో దెయ్యం గీసి పైన రంగు పూయిస్తానన్నావట. మైనం ఉన్నచోట నీళ్ళు పట్టవు, తెల్లగా దెయ్యం తేలుతుంది. అందమైన పద్ధతి. దాని గురించి చెప్పాలనే ఈ ఉత్తరం రాయడం.

తొంభైల్లో ఒక ఎండాకాలం. ఊళ్ళో తలుపుల మీద సుద్దతో ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న రోజులు, నువ్వు అప్పటికి పుట్టలేదు. రాత్రిపూట ఎవరో ఆడమనిషి వచ్చి తెలిసిన గొంతుతో పిలుస్తుందని పుకారు. పెద్దవాళ్ళం నవ్వుకుంటూనే రాసుకునేవాళ్ళం. మా వరండాలో సెలవుల క్లాసుకి పదకొండు మంది వచ్చేవాళ్ళు. నాకో తెలివి పుట్టింది. ముందు రోజు రాత్రి కొవ్వొత్తి ముక్కతో పదకొండు కాగితాల మీదా నోరు తెరిచిన మొహం గీసిపెట్టాను. తెల్ల కాగితం మీద తెల్ల మైనం, వాళ్ళకేం కనపడుతుంది? పొద్దున్న ఏమీ చెప్పకుండా, రాత్రి ఆకాశం వెయ్యండర్రా అన్నాను.

మగపిల్లలు కేకలు పెట్టారు, గంతులేశారు. నేను అనుకున్నట్టే జరిగిందని మురిసిపోతున్నాను. స్తంభం పక్కన ఆరేళ్ళ పిల్ల కూర్చుంది. తను అరవలేదు. కుంచె ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. కాసేపటికి ఎవడో, మేడమ్, పావడా తడిసిపోయిందని అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అమ్మడూ. అది నవ్వే సంగతి కాదని నాకు తట్టడానికి ఒక నిమిషం పట్టింది. ఆ నిమిషంలో ఆ పిల్ల నా మొహం చూసింది.

ఇంట్లో దింపడానికి నేనే వెళ్ళాను. వాళ్ళ తలుపు మీద కూడా సుద్ద రాతే. రాత్రి జ్వరం వచ్చిందని మర్నాడు తల్లి కబురు పెట్టింది. జామపళ్ళు తీసుకుని రెండుసార్లు వెళ్ళాను, గదిలోంచి బయటికి రాలేదు. మళ్ళీ క్లాసుకీ రాలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది. నీలం రంగు ఒక కంటిని దాటి, తెరిచిన నోటి సగం దాకా వచ్చి ఆగిపోయి ఉంటుంది. అక్కడ రంగు చారలు కిందికి కారి ఎండిపోయాయి.

అందుకని నువ్వు ముందే గీసిపెట్టకు. ఎవరి దెయ్యాన్ని వాళ్ళే గీసుకోవాలి. కాగితం వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే మైనం గీత మెరుస్తుంది, అలా చూసుకుంటూ గీయమను. ఎక్కడ దాచారో వాళ్ళకి ముందే తెలిస్తే, రంగు పూస్తున్నప్పుడు అదిగో, అదిగో అని వాళ్ళే వెతుక్కుంటారు. తర్వాత నేను అలాగే చేశాను, ఒక్కరూ బెదరలేదు. ఎవరైనా వెయ్యనంటే బలవంతం చెయ్యకు, గబ్బిలాన్నో పిల్లినో వేసుకుంటారు.

హాలోవీన్‌కి గుమ్మడికాయకి మొహం చెక్కి దీపం పెడతారు కదా, అదెందుకని ఎవరైనా అడిగితే, ఐర్లండులో ఒకప్పుడు టర్నిప్ దుంపని తొలిచి మొహం చెక్కి దీపం పెట్టేవాళ్ళని, అమెరికా వలస వచ్చాక గుమ్మడికాయ చేతికి దొరికిందని చెప్పు. మన పిల్లలకి మాత్రం మన గుమ్మం మీద వేలాడే బూడిద గుమ్మడికాయ ఫొటో చూపించు. మీసాలు, కోరలు, ఎర్ర నాలిక అన్నీ ఉంటాయి. దిష్టి తగలకుండా మనమూ భయంకరమైన మొహాన్నే కాపలా పెట్టుకుంటాం కదా.

నీ కొడుకు ఇంకా లైటు వేసుకునే పడుకుంటున్నాడని మీ నాన్న చెప్పాడు. నాకు అసలు బెంగ వాడి మీదే. పద్నాలుగు మందినీ చూసుకునే హడావుడిలో వాణ్ణి చివర్లో కూర్చోబెట్టకు, నీ మోకాలికి తగిలేంత దగ్గర పెట్టుకో. చలి మొదలైందట, నువ్వు కూడా స్వెట్టరు వేసుకో. నీ పాత కుంచెలు మూడు కడిగి గుడ్డలో చుట్టి ఉంచాను, అటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే పంపిస్తాను. వాడు దెయ్యం వేస్తే, దానికేం పేరు పెట్టాడో అడిగి నాకు రాయి.

ఇట్లు
మీ అత్త