ముందు ఊరి పెద్ద, తర్వాతే నీళ్లు: ఫిజీ దీవుల ప్రయాణంపై మీ ప్రశ్నలు

ప్రశ్న: యసావా దీవుల్లో ఒక పల్లె హోమ్‌స్టేలో ఉండబోతున్నాం. రాగానే ‘సెవుసెవు’ ఇవ్వాలన్నారు. గదికి అద్దె కడుతున్నాం కదా, ఇది కూడా తప్పదా?

జవాబు: తప్పదండీ. అద్దె మీరు పడుకునే గదికి. సెవుసెవు అంటే ఊళ్లోకి రావడానికి, ఆ ఊరి నీళ్లలోకి దిగడానికి ఊరి పెద్దకు కానుక ఇచ్చి అనుమతి అడగడం. ఫిజీలో తీరాన్ని ఆనుకున్న సముద్రం, అందులోని పగడపు దిబ్బలు సంప్రదాయంగా ఏదో ఒక ఊరివాళ్ల చేపల వేట హక్కు కింద ఉంటాయి. దీన్ని గోలిగోలి అంటారు. దేశం మొత్తం మీద ఇలాంటివి 400కు పైగా ఉన్నాయి. ఒడ్డున ఎవరూ కనపడలేదు కదా అని మాస్కు పెట్టుకుని దిగితే ఎవరి పెరట్లోకో అడగకుండా వెళ్లినట్టే.

ఇవ్వాల్సింది యంగోనా వేళ్లు. బయటి ప్రపంచం కావా అంటుంది, మిరియాల తీగ కుటుంబంలోని మొక్క. పెద్ద దీవిలోని నాందీ లేదా లౌతోకా పట్టణ మార్కెట్లో ముందే కొనండి, దీవిలో దొరకకపోవచ్చు. దంచిన పొడి కాదు, ఎండిన వేళ్ల కట్ట అడగండి. ‘వాకా’ అంటే సన్నవేళ్లు ఇస్తారు, మర్యాదకు అదే మేలు. అర కిలో ఆనవాయితీ. కుటుంబమంతటికీ ఒక్క కట్ట చాలు. కాగితంలో చుట్టి రిబ్బను కట్టి అమ్ముతారు, ఆ చుట్ట విప్పకండి.

ఊరి పొలిమేరలోనే టోపీ, చలువ కళ్లద్దాలు తీసేయాలి. సంచి భుజాన వేలాడదీయకుండా చేత్తో పట్టుకోవాలి. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. చుడీదార్ చక్కగా సరిపోతుంది. మగవాళ్లు నిక్కరు మీద సులు అనే లుంగీ చుట్టుకుంటే చాలు. చెప్పులు గుమ్మం బయటే. లోపల చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి, కాళ్లు చాపితే తప్పు. కట్టను పెద్దాయన చేతికివ్వరు, ఎదురుగా చాప మీద పెడతారు. మాటలు మీరు మాట్లాడనక్కర్లేదు, మీ తరఫున హోమ్‌స్టే వాళ్లే చెప్తారు. ఎవరి ముందునుంచైనా దాటాల్సి వస్తే నడుం వంచి ‘తులో’ అంటూ వెళ్లండి. పిల్లలు ముద్దొచ్చినా తల నిమరకండి. అక్కడ ఎవరి తలైనా తాకడం పెద్ద అమర్యాద.

ఇంకొకటి. ఎవరింట్లోనైనా ఒక వస్తువును పదేపదే మెచ్చుకోకండి. అది మీకు ఇచ్చేయాలేమోనని వాళ్లు ఇరుకున పడతారు.

ప్రశ్న: ఆ యంగోనా వేళ్లతో చేసే పానీయం తాగి తీరాలా? నేను రోజూ మందులు వాడతాను.

జవాబు: మీరు మానేయండి. కాలేయ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు, మత్తు కలిగించే మందులు వాడేవాళ్లు తాగకూడదు. మద్యంతో అసలు కలపకూడదు. ఆరోగ్యం బాగాలేదని ముందే ఇంటివాళ్లకు చెబితే ఎవరూ నొచ్చుకోరు. తాగేవాళ్లయితే అరచేతులు గుంటగా పెట్టి ఒకసారి చప్పట్టు కొట్టి, ‘బులా’ అని, కొబ్బరిచిప్పలోది ఒక్క గుక్కలో తాగి, చిప్ప తిరిగిచ్చాక మూడుసార్లు చప్పట్లు కొడతారు. మట్టివాసన వేస్తుంది, నాలుక, పెదాలు మొద్దుబారతాయి. కంగారు పడక్కర్లేదు, దాని గుణమే అది. ‘లో టైడ్’ అని అడిగితే చిప్పలో సగమే పోస్తారు.

ప్రశ్న: ఈత అంతంతమాత్రం. పగడపు దిబ్బలు చూడ్డానికి ఏ వేళ దిగాలి?

జవాబు: పోటు నిండే సమయానికి గంట ముందు దిగి, నిండిన కాసేపటికి ఒడ్డుకు వచ్చేయండి. ఆటు మీద దిబ్బ పైన నీళ్లు మోకాలి లోతుకు పడిపోతాయి. అప్పుడు పొట్ట గీరుకుంటుంది, భయపడి నిలబడితే పగడం విరుగుతుంది. దాని కన్నా పెద్ద ప్రమాదం దిబ్బ మధ్య ఉండే సందు. పోటులో దిబ్బ మీదుగా లోపలికొచ్చిన నీరంతా ఆటులో ఆ సందులోంచే బయటికి దూకుతుంది. అందులో పడితే ఎదురీదకండి, పక్కకు ఈదండి. అసలు ఆ దరిదాపులకు పోకపోవడమే మంచిది. ఆ పూట పోటు ఎప్పుడు నిండుతుందో, సందు ఎక్కడుందో ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. లైఫ్ జాకెట్ వేసుకోండి, ఊరి మనిషిని వెంట తీసుకెళ్లండి.

మాస్కు అద్దెకు తీసుకునేటప్పుడు పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చెయ్యి వదిలినా ఊడకపోతే మీకు సరైన సైజు. మీసాలున్నవాళ్లకు పై పెదవి దగ్గర నీళ్లు కారతాయి, అక్కడ కొద్దిగా వాజలీన్ రాస్తే ఆగుతాయి. అద్దం మసకబారకుండా లోపలివైపు ఉమ్మి రుద్ది, సముద్రపు నీటితో ఒకసారి కడగాలి.

పగడం మీద నిలబడొద్దు అని గట్టిగా చెప్పడానికి కారణముంది. రాయిలా కనిపించే దాని పైపొరలోనే ప్రాణమంతా ఉంటుంది. గుండ్రటి బండ పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతాయి. కాళ్లకు తొడిగే ఈత రెక్కలతో ఇసుక లేపినా అది పగడం మీద పడి ఊపిరాడనివ్వదు. సన్‌స్క్రీన్ పూసుకోవడం కన్నా పొడుగు చేతుల ఈత చొక్కా నయం.

కొన్నిచోట్ల ‘తంబు’ పెడతారు, అంటే ఆ భాగంలో వేట బంద్. ఉదునివనువా గ్రామం 1997లో తన తీరంలో కొంత భాగాన్ని ఇలా మూసి గుల్లల్ని కాపాడుకుంది. తర్వాత చాలా ఊళ్లు ఆ దారి పట్టాయి. తంబులో ఈతకైనా ఒప్పుకుంటారో లేదో ముందుగా అడగండి. ఆదివారం ప్రార్థనల రోజు, చాలా ఊళ్లలో ఈత, ఆటలు కుదరవు.

ప్రశ్న: పగడం గీరుకుంటే ఏం చేయాలి?

జవాబు: చిన్న గీతే అని వదిలేయకండి. పగడపు నలుసులు లోపల ఉండిపోయి పుండు పడుతుంది. మంచినీళ్లు, సబ్బుతో బాగా రుద్ది కడగండి, నలుసులు పట్టకారుతో తీయండి, యాంటీసెప్టిక్ రాయండి, మానేదాకా సముద్రంలోకి దిగకండి. ఎరుపు పాకినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించాల్సిందే. అడుగున రాయిలా పడి ఉండే విషపు రాతిచేప ముల్లు గుచ్చుకుంటే మాత్రం ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా పాదం ముంచి ఉంచాలి. నొప్పి అప్పుడే తగ్గుతుంది. వెంటనే ఆసుపత్రికి కబురు పెట్టాలి. అందుకే నీళ్లలో మందం అడుగున్న బూట్లు వేసుకోమనేది. శంఖాల్లాంటి కోన్ గుల్లల్ని చేత్తో ఎత్తకండి, వాటి విషం ప్రాణం తీయగలదు.

ప్రశ్న: శాకాహారులం. ఆవకాయ పట్టుకెళ్లొచ్చా?

జవాబు: తీసుకెళ్తే ఫిజీలో దిగేటప్పుడు నింపే ప్రయాణికుల కార్డులో తప్పకుండా రాయండి. దాస్తే జరిమానా. రాసినా తనిఖీవాళ్లు ఉంచేసుకోవచ్చు. ఆ బెంగ పెట్టుకోకండి. 1903 నుంచి మద్రాసు రేవు గుండా వెళ్లిన ఒప్పంద కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు కాబట్టి పప్పులు, మసాలాలు నాందీలోనే కొనుక్కోవచ్చు. పల్లెలో చేప, కర్రపెండలం, చామదుంప ప్రధానం. చామాకు కొబ్బరిపాలలో వండితే కమ్మగా ఉంటుంది. పొట్లంగా కట్టి వండే పలుసామిలో మాత్రం డబ్బా మాంసం పెడుతుంటారు, అడిగి తినండి. ‘వెజిటేరియన్’ అని ఊరుకుంటే చేప వడ్డించే అవకాశం ఉంది. మాంసం, చేప, గుడ్డు ఏవీ వద్దని బుక్ చేసేటప్పుడే విడివిడిగా రాయండి. దీవుల్లో ఏటీఎంలు దొరకవనుకునే ఫిజీ డాలర్ల నగదు వెంట ఉంచుకోండి. పెద్ద పడవ ఒడ్డుకు రాదు, చిన్న పడవలోకి మారి ఒక్కోసారి మోకాలి లోతు నీళ్లలో దిగాలి. మందులు, పాస్‌పోర్టు నీళ్లు దూరని సంచిలో పెట్టుకోండి.