‘తందనాన ఆహి’ పాటలో సాహిత్యం, సంగీతం కలిసి ఏం చెబుతాయి?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాట ఇది. అన్నమయ్య (1408–1503) కీర్తన. మనుషుల్లో ఎక్కువ తక్కువలు లేవు, అందరిలో ఉన్న అంతరాత్మ శ్రీహరే అన్నది దీని భావం. అయితే ఆ మాటను ఆయన వేదాంతంలా చెప్పలేదు, కంటికి కనిపించే వాటితో చూపించాడు. రాజు పడుకునే నిద్ర, పక్కనే బంటు పడుకునే నిద్ర ఒకటే. ఏనుగు మీద కాసే ఎండ, కుక్క మీద పడే ఎండ ఒకటే. నిద్రలోకి జారాక రాజుకు కిరీటం గుర్తుండదు కదా! ఇన్నిసార్లు విన్నా నేను ఆ చరణం దగ్గరే ఆగిపోతాను.

ప్రతి పోలికా ‘ఒకటే’ అన్న మాట మీదే వచ్చి ఆగుతుంది. ఆ మాట మళ్లీ మళ్లీ వినబడుతూ తాళంలా పనిచేస్తుంది. పాట వాదించదు, ఊపుతో ఒప్పిస్తుంది.

ఇక ‘తందనాన’కి నిఘంటువు అర్థం వెతకక్కర్లేదు. అది జానపదుల పాటల్లో వినిపించే ఊతపదం. పల్లవిలో దాని పక్కనే ‘పరబ్రహ్మమొక్కటే’ అని ఉంటుంది. అంత పెద్ద మాటని అందరూ గొంతు కలిపే పదం పక్కన పెట్టడంలోనే సమానత్వం ఉందని నాకనిపిస్తుంది.

దీన్ని ఎక్కువగా బౌళి రాగంలో పాడతారు. అది తెల్లవారుజామున పాడే రాగం. అందులో మధ్యమం (‘మ’ స్వరం) ఉండదు, గాంధారం (‘గ’) నుంచి నేరుగా పంచమానికి (‘ప’) వెళ్లాలి. ఆ చిన్న దాటు వల్లే పాటకి ఆ హుషారు వచ్చిందనుకుంటాను.