మొహమాటాన్ని మోసుకెళ్ళకు

చిరంజీవి చిన్నికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

వచ్చే నెలలో నలుగురు స్నేహితులతో కలిసి మూడు రోజుల ట్రెక్కింగ్‌కు వెళుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. తన గొంతులో భయం వినిపించింది కానీ, నాకు మాత్రం ఎంతో సంతోషం కలిగింది. ఏమేం కొనాలో రాసి పంపమన్నావట. సంచి సంగతి తర్వాత చెబుతాను. అంతకన్నా ముందు చెప్పవలసింది ఒకటుంది.

నీకు మొహమాటం ఎక్కువ. పదిమందిలో ఉన్నప్పుడు దాహం వేసినా నీళ్ళు అడగవు. కొండ మీద ఆ అలవాటు ప్రమాదం. నా మొదటి నడకలో, బయలుదేరిన గంటకే మడమ దగ్గర బూటు రాసుకుని చుర్రుమనడం మొదలైంది. ఆగి బూటు విప్పి, చెమట తుడిచి, ఆ చోట టేపు అంటిస్తే ఐదు నిమిషాల్లో అయిపోయేది. నా ఒక్కదాని కోసం అందరూ ఆగాలా అని నోరు మెదపలేదు. సాయంత్రానికి రెండు మడమలూ బొబ్బలెక్కి, చితికి, మేజోళ్ళు చర్మానికి అంటుకుపోయాయి. మర్నాడు నా సామాను మిగతావాళ్ళు పంచుకుని మోశారు. మూడు గంటల దారికి ఆరు గంటలు పట్టింది. ఒక్క మాట చెప్పనందుకు వాళ్ళ పూటంతా పాడుచేశానన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అందుకే కాలు చుర్రుమన్నా, చలేసినా, తల నొచ్చినా, భయమేసినా వెంటనే పైకి చెప్పు. ముఖ్యంగా తలనొప్పి. మీ దారి 2,500 మీటర్లు దాటేదైతే అక్కడి పలుచని గాలికి శరీరం అలవాటు పడడానికి సమయం కావాలి. తలనొప్పి, వికారం, అన్నం సయించకపోవడం, కారణం లేని నీరసం కనిపిస్తే అవి ఎత్తు వల్ల వచ్చినవేనని అనుకోవాలి. తగ్గేదాకా ఒక్క అడుగు కూడా పైకి వేయకూడదు. 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్నటి చోటు కన్నా 500 మీటర్లకు మించి ఎత్తున ఉండకుండా చూసుకోండి. మనిషి ఎంత దృఢంగా ఉన్నా ఈ జబ్బు రావచ్చు. మా బృందంలో అందరికన్నా బలమైనవాడే సాయంత్రమంతా తలనొప్పి దాచుకున్నాడు. రాత్రి టెంటు బయటికి వచ్చి తూలుతూ నడుస్తుంటే అప్పుడు తెలిసింది మాకు. హెడ్‌ల్యాంప్‌ల వెలుగులో అతన్ని పట్టుకుని కిందికి దించాం. తెల్లవారేసరికి తేరుకున్నాడు. నడక తూలినా, కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గకపోయినా తెల్లవారేదాకా ఆగకండి, అప్పటికప్పుడే దిగిపోవాలి.

చలి ఇంకో రకం. చల్లబడిపోతున్న మనిషి తనకేమీ కాలేదనే అంటాడు. అందుకని ఒకరినొకరు గమనించుకోవాలి. వేళ్ళు మొద్దుబారి గుండీ పెట్టుకోలేకపోవడం, మాట ముద్దగా రావడం, ఊరికే వెనకబడడం చూస్తే వెంటనే ఆపి, తడి బట్టలు మార్పించి, తినడానికి తీపిది ఏదైనా ఇవ్వండి. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున చల్లబడుతుంది. గాలి, వాన తోడైతే చెప్పనక్కర్లేదు. నూలు బట్టలు మాత్రం వద్దు. తడిస్తే ఆరవు, ఒంట్లోని వేడినంతా లాగేస్తాయి. ఉన్నివి గానీ, త్వరగా ఆరే సింథటిక్‌వి గానీ తీసుకెళ్ళు. రాత్రి పడుకోవడానికి ఒక పొడి జత ప్లాస్టిక్ కవరులో కట్టి విడిగా ఉంచుకో. పగలు ఎంత తడిసినా, అది వేసుకుని నడవకు.

ఇక సంచి. నీళ్ళు, తిండి అన్నీ కలుపుకుని నీ బరువులో అయిదోవంతు దాటకూడదు. యాభై కిలోల మనిషివి, పది కిలోలు నీకు హద్దు. బరువైనవి వీపుకు ఆనుకుని మధ్యలో, స్లీపింగ్ బ్యాగు అడుగున, రెయిన్‌కోటు అన్నిటికన్నా పైన. తగిలించుకున్నాక మొదట నడుము పట్టీ తుంటి ఎముకల మీద కూర్చునేలా బిగించు, భుజాల పట్టీలు ఆ తర్వాత. బరువు చాలావరకు తుంటి మోయాలి. సాయంత్రానికి భుజాలు నొస్తున్నాయంటే పట్టీ జారిందన్నమాట. పైన వేసే వాన కవరును నమ్మకు, లోపల పెద్ద ప్లాస్టిక్ సంచి పరిచి అందులో సర్దు. డబ్బు సరిపోక ఏదో ఒకటి తగ్గించుకోవలసి వస్తే కింద పరిచే మ్యాట్‌ను మాత్రం తగ్గించకు. ఒంటి కింద నలిగిన స్లీపింగ్ బ్యాగులో గాలి నిలవదు, నేల చలి నేరుగా వీపుకు తగులుతుంది. కొత్త బూట్లతో వెళ్ళకు. ఇప్పటినుంచే రోజూ వేసుకుని తిరుగు.

దారికి ఎంత సేపు పడుతుందో లెక్కవేయడానికి విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కవలసిన ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అంటే 10 కిలోమీటర్ల దారిలో 900 మీటర్లు ఎక్కాలంటే మూడున్నర గంటలు. బరువుతో, కొత్తగా నడిచేవాళ్ళు కాబట్టి మీరు ఐదు గంటలకు పైనే అనుకోండి. పెందలాడే బయలుదేరండి. కొండల్లో మబ్బులు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే కమ్ముతాయి. ఉరుము వినిపిస్తే శిఖరం ఎంత దగ్గరున్నా గట్టు మీదనుంచి దిగిపోవాలి, ఒంటరి చెట్టు కిందికి చేరకూడదు. ఎన్ని గంటలకు వెనుదిరగాలో పొద్దున్నే అందరూ కలిసి నిర్ణయించుకోండి. ఆ వేళకు మీరు ఎక్కడున్నా తిరిగి రావడమే. కళ్ళెదుట శిఖరం కనిపిస్తున్నప్పుడు అలసిన మనసు సరైన నిర్ణయం తీసుకోలేదు, అందుకే పొద్దున్నే అంటున్నాను.

మంచు కరిగి వచ్చే వాగులు పొద్దున తక్కువగా పారి, మధ్యాహ్నానికి ఉరకలెత్తుతాయి. దాటేముందు నడుము పట్టీ, ఛాతీ పట్టీ రెండూ విప్పేయి. కాలు జారితే సంచి వదిలించుకోగలగాలి. భయంగా ఉంటే భయంగా ఉందని చెప్పు. నీళ్ళు ఎంత తేటగా కనిపించినా కాచే తాగాలి. బాగా మరిగాక ఒక నిమిషం, 2,000 మీటర్ల పైన అయితే మూడు నిమిషాలు ఉంచండి. వాన పడుతోందని టెంటు లోపల స్టవ్ వెలిగించకండి, ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు.

ఆడపిల్లవి కనుక ఇంకొకటి. మరుగుకు వెళ్ళాలని చెప్పడానికి సిగ్గుపడి నీళ్ళు తాగడం మానేస్తారు చాలామంది. అది ఎంత తప్పో ఎత్తుకు వెళ్ళాక తెలుస్తుంది. వాగుకు, దారికి కనీసం డెబ్బై పెద్ద అడుగుల దూరం వెళ్ళి, జానెడు లోతు గుంట తవ్వి, తర్వాత మట్టి కప్పేయి. కాగితాలు, ప్యాడ్లు పాతిపెట్టకుండా గట్టిగా మూసే కవరులో వేసి వెనక్కి తీసుకురా. నెలసరి తేదీ కాకపోయినా ప్యాడ్లు పెట్టుకో. కొత్త శ్రమకు ముందే రావచ్చు.

దారి తప్పామనిపిస్తే ఉన్నచోటే ఆగిపోవాలి. మెడలో ఈల ఉండాలి. నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు. నిమిషానికి మూడు ఈలలు తిరిగి వినిపిస్తే నీ పిలుపు ఎవరికో అందినట్టు. ఏ దారిన వెళుతున్నారు, ఏ రోజు ఏ వేళకు దిగుతారు, ఆ వేళ దాటితే ఎవరికి ఫోను చేయాలి అన్నవి కాగితం మీద రాసి మీ అమ్మకు ఇవ్వు. తన భయానికి అదే మందు.

మొదటి రాత్రి నిద్ర పట్టదు. టెంటు గుడ్డ చప్పుడుకే మెలకువ వస్తుంది. అది అందరికీ ఉండేదే, కంగారుపడకు. మెలకువ వచ్చినప్పుడు ఒకసారి తల బయటికి పెట్టి ఆకాశం చూడు. అన్ని నక్షత్రాలు ఉన్నాయని నాకు ముప్పై ఏళ్ళు వచ్చేదాకా తెలియదు.

వచ్చే ఆదివారం తీసుకెళ్ళే సామానంతా సంచిలో నింపుకుని, ఆ బూట్లే వేసుకుని మా ఇంటికి నడిచి రా. నడుము పట్టీ ఎక్కడ కూర్చుంటోందో నేను స్వయంగా చూడాలి.

ప్రేమతో,
పెద్దమ్మ