గార్డు తీసేస్తేనే పని సాగుతుందా?

పనిచోట భద్రత: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. పద్నాలుగు మంది పనిచేస్తారు. కళ్లద్దాలు, గ్లవ్స్ అన్నీ కొనిచ్చాం. తనిఖీ రోజు తప్ప ఎవరూ వాడరు. గ్రైండర్ గార్డులు (తిరిగే వీల్‌ను కప్పే రక్షణ తొడుగులు) కూడా పీకేస్తున్నారు. జరిమానా వేస్తే దారికొస్తారా?

జవాబు: జరిమానా వేస్తే మీ బండి చప్పుడు వినగానే పెట్టుకోవడం నేర్చుకుంటారు. ముందు ఎందుకు తీసేస్తున్నారో వాళ్లనే అడగండి. కళ్లద్దాల విషయంలో సాధారణంగా వచ్చే జవాబులు రెండే: చెమటకు ఆవిరి పడుతోంది, గీతలు పడి కనబడటం లేదు. గీతలకు కారణం పొడిగుడ్డ. అద్దం మీది ఇనుప రజనును బనీను గుడ్డతో రుద్దితే ఆకురాయి పెట్టినట్టే. ముందు నీళ్లతో కడిగి, తర్వాత మెత్తటి గుడ్డతో అద్దాలి. ఆవిరికి, గాలి ఆడే రకం రెండు మూడు తెప్పించి ఎవరికి ఏది కుదురుతుందో పెట్టించి చూడండి. ఎవరివి వాళ్లకే ఉండాలి. చెమట పట్టిన పరాయి అద్దాలు ఎవరు పెట్టుకుంటారు?

ఇప్పుడవి ఎక్కడ ఉంటున్నాయి? ఆఫీసు బీరువాలోనే అయితే తప్పు పనివాళ్లది కాదు. గ్రైండర్ వేలాడే కొక్కేనికే కళ్లద్దాలు తగిలించండి. మిషన్ అందుకోవాలంటే ముందు అవే చేతికి తగలాలి. అలవాటు పడేది అక్కడే. ముఖానికి షీల్డ్ ఉన్నా లోపల కళ్లద్దాలు ఉండాల్సిందే. రజను కింది నుంచి దూరుతుంది.

ఇక గార్డు. మూలల్లో అడ్డొస్తోందని కొందరు తీస్తారు, పెద్ద వీల్ ఎక్కించడానికి కొందరు తీస్తారు. రెండోది ప్రాణం మీదికి తెస్తుంది. ఏజీ ఫోర్ మిషన్ (నాలుగంగుళాల వీల్ పట్టే చేతి గ్రైండర్) ఉత్తగా తిరిగేటప్పుడు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. ఏడంగుళాల వీల్ మీద ఉండే గరిష్ఠ వేగం మామూలుగా 8,500. రంధ్రం సరిపోకపోతే మధ్యలో బుష్ (రింగు ముక్క) పెట్టి మరీ బిగించేవాళ్లున్నారు! అప్పుడు వీల్ అంచు సెకనుకు వంద మీటర్లు దాటి పరుగెత్తుతుంది. అది తట్టుకునేది 80 మీటర్లే. పగిలిన ముక్కను ఆపాల్సిన గార్డును అప్పటికే పీకేసి ఉంటారు. మూలల పనికి ఆకురాయో, సన్న మొనల డై గ్రైండరో ఇవ్వండి.

వీల్ మార్చినప్పుడల్లా ఇదే వరస: ప్లగ్ పీకాలి, వీల్ మీది చుట్ల సంఖ్య మిషన్ సంఖ్య కంటే తక్కువ కాకుండా చూడాలి, మధ్య రేకు రింగు మీద గడువు చూడాలి, బీటలు వెతకాలి. బిగించాక మనుషుల వైపు కాకుండా తిప్పి పట్టుకుని 30 సెకన్లు ఉత్తగా తిప్పాలి. కటింగ్ వీల్ పక్కభాగంతో రుద్దితే పగులుతుంది, ఎంత మంచి కంపెనీదైనా సరే.

అన్నట్టు, డ్రిల్లింగ్ మిషన్ దగ్గర గ్లవ్స్ వద్దు. బిట్‌కు గ్లవ్ చుట్టుకుంటే చెయ్యి దాని వెంటే పోతుంది. మెడలో తువ్వాలు కూడా అంతే.

ప్రశ్న: మిర్యాలగూడలో మాది రైస్ మిల్లు. ధాన్యాన్ని బకెట్లతో పైకెత్తే ఎలివేటర్ జామ్ అయితే స్విచ్ ఆపే బాగు చేస్తున్నాం. మళ్లీ స్విచ్‌కు తాళం కూడా వేయాలంటున్నారు, ఎందుకు?

జవాబు: మీరు ఆపింది స్టాప్ బటన్. అది స్టార్టర్‌లోని కాంటాక్టర్‌ను (మోటారుకు కరెంటు కలిపే భాగాన్ని) విడిపిస్తుంది, అంతే. అవతల ప్యానెల్ దగ్గర ఉన్నవాడికి మీరు ఎలివేటర్ బూట్‌లో (అడుగు పెట్టెలో) చెయ్యి పెట్టిన సంగతి తెలియదు. తాళం పడాల్సింది మెయిన్ ఐసోలేటర్‌కు, అంటే మిషన్‌కు వచ్చే కరెంటునే తెంచే స్విచ్‌కు. లోపల చెయ్యి పెట్టే ప్రతి మనిషికీ తన తాళం, తాళంచెవి తన జేబులో. ముగ్గురు దిగితే మూడు తాళాలు. తాళం వేశాక స్టార్ట్ బటన్ ఒకసారి నొక్కి చూడాలి. ఈ ఒక్క మెట్టునే ఎక్కువమంది వదిలేస్తారు. వేరే స్విచ్‌కు తాళం వేసిన సంగతి బయటపడేది మాత్రం ఇక్కడే.

కరెంటు పోయినంత మాత్రాన బరువు పోదు. ఎలివేటర్‌లో ఒకవైపు బకెట్లు నిండి ఉంటాయి. జామ్ విడిపోగానే బెల్టు వెనక్కి జారుతుంది. ముందు బెల్టును క్లాంపుతో బిగించాలి, ఆ తర్వాతే చెయ్యి. ధాన్యం బిన్‌లోకైతే కింద గేటు తెరిచి ఉండగా ఎవరూ దిగకూడదు. పైన గట్టిగా కనిపించే పొర కింద డొల్ల ఉండవచ్చు. నడుముదాకా కూరుకుపోతే ఒక్కరు లాగినా రారు. గడ్డకట్టింది పైనుంచి పొడవాటి కర్రతో పొడవాలి.

ప్రశ్న: పటాన్‌చెరు యూనిట్లో సూపర్‌వైజర్‌ని. రోజూ పొద్దున టూల్‌బాక్స్ మీటింగ్ (పని మొదలయ్యే ముందు భద్రత గురించి చెప్పే చిన్న సమావేశం) పెడతాను. అందరూ తలూపుతారు, గంటలో అంతా మామూలే. ఏం చేయాలి?

జవాబు: మీరు చెప్పడం తగ్గించండి. ఐదు నిమిషాలు, ఒక్క విషయం, ఆ మిషన్ పక్కనే నిలబడి. ‘అర్థమైందా?’ అంటే బిహార్ కుర్రాడైనా ఒడిశా కుర్రాడైనా ‘హా’ అనే అంటాడు. ‘చేసి చూపించు’ అనండి. అతని భాష తెలిసినవాణ్ని పక్కన పెట్టుకోండి.

జపాన్ రైల్వేలో ఒక అలవాటుంది: సిగ్నల్‌ను వేలితో చూపించి, దాని స్థితిని పైకి పలుకుతారు. చూస్తే నవ్వొస్తుంది. అక్కడి రైల్వే పరిశోధన సంస్థ 1994లో పరీక్షించినప్పుడు నూటికి 2.38 ఉన్న పొరపాట్లు ఇలా చేస్తే 0.38కి తగ్గాయి. మీ దగ్గర వాల్వులకు, స్విచ్‌లకు ఇదే పెట్టండి: వేలితో చూపించి, ‘రెండో వాల్వు, మూసి ఉంది’ అని పైకి అనడం. మొదటి వారం మీరే చేయండి, నవ్వితే నవ్వనివ్వండి.

తృటిలో తప్పినవి రాయడానికి ఒక నోటుబుక్కు గేటు దగ్గర వేలాడదీయండి. ఎవరు రాశారని అడగవద్దు. రాసినదానికి మర్నాటికల్లా పక్కనే జవాబు పడాలి, ‘సామాను రావాలి, శుక్రవారం’ అనైనా సరే. రెండుసార్లు జవాబు లేకపోతే మూడోసారి ఎవరూ రాయరు. ‘ప్రమాదం లేని రోజులు’ బోర్డుకు మాత్రం బహుమతి కట్టవద్దు. వేలు తెగినవాడు తోటివాళ్ల బహుమతి పోతుందని కట్టు కట్టుకుని, ఆ చెయ్యి జేబులో దాచుకుంటాడు.