బ్లాక్ ఎక్కడుందో, అందులో ఎంతుందో ముందు కనుక్కోండి

మీ ప్రశ్న చూశాను. నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్, అందులో అడినోకార్సినోమా అనే రకం అని తేలింది, జీన్ టెస్టుకి (క్యాన్సర్ కణాల జీన్లలో మాత్రలకి లొంగే మార్పేదైనా ఉందా అని చూసే పరీక్ష) బయాప్సీ ముక్క ఉన్న బ్లాక్ తెమ్మన్నారు, రిపోర్టుకి మూడు వారాలట, ఈలోపు కీమో మొదలెట్టేయాలా అని. నేను డాక్టర్ని కాదండి. నాలుగేళ్ల కిందట మా అమ్మకి ఇదే వస్తే వైజాగ్‌లో ఆ బ్లాక్ పట్టుకుని తిరిగినవాణ్ణి. అందుకే కీమో సంగతి తర్వాత, ముందు బ్లాక్ సంగతి.

బ్లాకంటే ఏదో పెద్ద వస్తువనుకున్నాను. మహారాణిపేటలో ఒక ల్యాబ్‌లో రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని చేతికిచ్చారు. అగ్గిపెట్టె కంటే చిన్న ప్లాస్టిక్ క్యాసెట్, అంచున పెన్సిల్‌తో నంబరు, మీద మైనం. ఆ మైనంలో దారప్పోగుల్లాంటి రెండు బూడిదరంగు తునకలు. సూదితో తీసిన అమ్మ ఊపిరితిత్తి అదేనట. దాన్నే పల్చటి పొరలుగా కోసి, మైనం తీసేసి డీఎన్‌ఏ రాబడతారు. బెంగళూరు ల్యాబ్‌కి పంపాం.

పది రోజులకి రిపోర్టు: 'పరీక్షకి సరిపడా ట్యూమర్ లేదు'. మా బావ అది చదివి 'నెగెటివ్ అట' అని ఇంట్లో అందరికీ చెప్పేశాడు. అమ్మ ఆ పూట అన్నం తినలేదు. నెగెటివ్ వేరు, సరిపోలేదనడం వేరు. సరిపోలేదంటే అసలు పరీక్షే జరగలేదని. ఆరా తీస్తే తెలిసింది, క్యాన్సర్ రకం తేల్చడానికే ఏడెనిమిది మార్కర్లు (కోసిన పొరల మీద చేసే రంగు పరీక్షలు) వేసి ముక్కంతా కోసేశారు. ఇలాంటి చిన్న బయాప్సీలో చాలాసార్లు టీటీఎఫ్-1, పీ40 అనే రెండు మార్కర్లూ చాలు. 'మాలిక్యులర్ టెస్టుకి (అంటే ఈ జీన్ టెస్టుకే) కొంచెం మిగల్చండి' అని ముందే రాయించి ఉంటే అమ్మకి రెండోసారి సీటీ గదిలో సూది పడేది కాదు. ఈ కోపం నాకింకా పోలేదు.

కాబట్టి పంపేముందు పాథాలజిస్టుని (ముక్కని మైక్రోస్కోపులో చూసే డాక్టర్ని) కలిసి రెండు మాటలు అడగండి. ముక్కలో ట్యూమర్ కణాలు ఎంత శాతం? 20 శాతం దాటితే చాలా పరీక్షలకి ఇబ్బంది ఉండదు. ప్రతి కణంలో జీన్‌కి రెండు కాపీలుంటాయి, మార్పు సాధారణంగా ఒకదానిలోనే. అంటే 20 శాతం ట్యూమరున్న ముక్కలో ఆ మార్పు కనపడేది సుమారు 10 శాతం డీఎన్‌ఏలోనే. ఇంకా తగ్గితే ఉన్నది కూడా దొరక్కపోవచ్చు. రెండోది, ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా ముంచే ద్రవం) ఎన్ని గంటలుంది? 6 నుంచి 72 గంటలు మంచి లెక్క. పండగ సెలవులొచ్చి వారం నానిందంటే డీఎన్‌ఏ తునాతునకలే. ఎముక నుంచి తీసిన ముక్కయితే ఇంకా జాగ్రత్త: ఘాటు యాసిడ్‌లో మెత్తబరిస్తే డీఎన్‌ఏ పాడవుతుంది, ఈడీటీఏ అనే నెమ్మదైన ద్రావణం అయితే ఫరవాలేదు.

రెండో ముక్కలో ఈజీఎఫ్‌ఆర్ జీన్‌లో ఎక్సాన్ 19 డిలీషన్ (ఆ జీన్‌లో ఒక చిన్న తునక ఊడిపోవడం) దొరికింది. అమ్మ పొగ ముట్టిన మనిషి కాదు (మా నాయనమ్మ జీవితమంతా అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని, తాగింది, ఆవిడకేమీ కాలేదు, ఏం చెప్తాం). పొగ తాగనివాళ్లలోనే ఈ మార్పు ఎక్కువ. ఇదున్నవాళ్లకి మాత్రలు బాగా పనిచేస్తాయని 2004లోనే తేలింది. మీ చీటీలో డాక్టరు ఈజీఎఫ్‌ఆర్ ఒక్కటే రాశారా, ఆల్క్, ఆర్‌ఓఎస్1 అనే జీన్లు కూడా రాశారా చూసుకోండి. ముక్క చిన్నదైతే ఒక్కొక్కటీ విడిగా చేయించేకన్నా అన్నీ కలిపి చూసే ఎన్‌జీఎస్ ప్యానెల్ మేలు. డబ్బు ఎక్కువే, ముక్క మాత్రం ఆదా.

ఇప్పుడు కీమో. నాన్నగారికి ఆయాసం అదీ లేకపోతే రిపోర్టు దాకా ఆగొచ్చా అని డాక్టర్ని అడగండి. ఆగలేమంటే, కీమో ఒక్కటే మొదలెట్టి ఇమ్యునోథెరపీని (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే మందు) ఆపి ఉంచడం కుదురుతుందా అని అడగండి. ఇమ్యునోథెరపీ ఇచ్చాక వెంటనే ఓసిమెర్టినిబ్ మాత్రలు (ఈజీఎఫ్‌ఆర్ మార్పున్నవాళ్లకి ఇచ్చేవి) మొదలెడితే ఊపిరితిత్తులు వాచే ప్రమాదం పెరుగుతుంది. మా ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టరు) అందుకే ఇమ్యునోథెరపీని ఆపారు. రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ త్వరగా వస్తుంది. అందులో మార్పు దొరికితే సరే, దొరక్కపోతే లేదని కాదు, మళ్లీ బ్లాక్ మీద చూడాల్సిందే.

ఇంకోటి, క్యాసెట్‌ని బండి డిక్కీలో పెట్టి ఎండలో వదిలేయకండి, మైనం మెత్తబడుతుంది. నేను టిఫిన్ డబ్బాలో దూది వేసి, బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. రిపోర్టొచ్చాక మిగిలిన బ్లాక్ వెనక్కి అడగండి, అడక్కపోతే కొన్ని ల్యాబ్‌లు పంపవు.